రాజీ గదిలో మాస్టారు

ఆ బళ్ళో పిల్లలు కొట్టుకుంటే తగువు తీరడానికి అర నిమిషం చాలు. వ్యాయామం మాస్టారు విజిల్ ఊదేవారు. ఇద్దరి మధ్యకీ వెళ్ళి నిలబడేవారు. "నాలుగు రౌండ్లు, ఇద్దరూ" అని మైదానం వైపు వేలు చూపించేవారు. ఎవరు ముందు చెయ్యెత్తారు, ఎవరు ఎవర్ని ఏమన్నారు అనే విచారణ ఆయన పద్ధతిలో లేదు. నాలుగు రౌండ్లు పూర్తయ్యేసరికి ఇద్దరిలోనూ ఆయాసం తప్ప ఇంకేమీ మిగలదని ఆయన నమ్మకం. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తున్నారు. పిల్లలు చాటుగా ఆయన్ని విజిల్ మాస్టారు అని పిలుచుకునేవాళ్ళు. ఆ సంగతి తెలిసినా ఆయన తెలియనట్టే ఉండేవారు. నిజానికి ఆ పేరంటే లోలోపల కాస్త ఇష్టం కూడా.

అలాంటి మనిషిని ఒక సోమవారం హెడ్‌మిస్ట్రెస్ తన గదికి పిలిచి, ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టారు.

"ఏంటి మేడమ్ ఇది?"

"పిల్లల తగువులు పిల్లలే కూర్చుని తీర్చుకునే పద్ధతి మాస్టారూ. శిక్షణ పొందిన పిల్లలిద్దరు మధ్యలో కూర్చుంటారు. గొడవపడ్డ ఇద్దరిచేతా మాట్లాడిస్తారు. తీర్పు చెప్పరు. ముందు ఎనిమిదిమందిని తయారుచేద్దాం. ఆ పని మీది."

మాస్టారు పుస్తకం మళ్ళీ బల్లమీద పెట్టేయబోయారు. "లెక్కల మేడమ్ ఉన్నారు కదండీ. ఆవిడకి ఓపికెక్కువ."

"ఆవిడ దగ్గరికి ఈ ఏడాది ఒక్క గొడవా వెళ్ళలేదు. మీ దగ్గరికి నూట నలభై వచ్చాయి. పిల్లల గురించి మీకు తెలిసినంత ఎవరికి తెలుసు చెప్పండి?"

అది పొగడ్తో చురకో తేల్చుకోలేక మాస్టారు పుస్తకం చంకలో పెట్టుకుని బయటపడ్డారు.

ఆ సాయంత్రం ఇంట్లో పుస్తకం తిరగేశారు. మధ్యవర్తి ఎవరిది తప్పో చెప్పకూడదట. సలహా ఇవ్వకూడదట. అవతలివాళ్ళు చెప్పింది విని, అదే మళ్ళీ వాళ్ళకి చెప్పి, "అంతేనా?" అని అడగాలట. వాళ్ళు మాట్లాడకపోతే ఎదురుచూడాలట. ఎంతసేపో ఎక్కడా రాసిలేదు.

సరే, చూద్దామని వంటింట్లోకి వెళ్ళారు. ఆయన భార్య మందుల షాపులో పనిచేస్తుంది. అప్పుడే వచ్చి, చెప్పులు విడిచి, కూరగాయలు తరుగుతోంది.

"ఇవాళ ఒకటే రద్దీ. నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి" అందామె.

"షాపులో రద్దీగా ఉంది. నీ కాళ్ళు లాగుతున్నాయి. అంతేనా?" అన్నారు మాస్టారు.

ఆమె తరగడం ఆపి ఆయన మొహంలోకి చూసింది. "ఒంట్లో బాగానే ఉందా మీకు?"

సంగతంతా చెప్పాక ఆమె నవ్వాపుకోలేకపోయింది. తర్వాత కత్తి పక్కన పెట్టి నెమ్మదిగా అంది. "మీరు వినట్లేదండీ, అప్పజెప్తున్నారు. మందుకోసం వచ్చినవాళ్ళు చీటీ ఇచ్చేముందు ఏదో ఒకటి చెప్పుకుంటారు. నిద్రపట్టట్లేదనో, కోడలు పుట్టింటికి వెళ్ళిందనో. ఆ ముక్క చెవిన పడితేనే ఇంకోటి చెప్తారు. పడలేదని వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది."

"ఎలా తెలుస్తుంది?"

"ఇరవై నాలుగేళ్ళుగా మీతో కాపురం చేస్తున్నాను, నాకు తెలియదా?" అని ఆమె మళ్ళీ కత్తి అందుకుంది.

మర్నాడే మాస్టారు ఎనిమిదిమందిని ఏరారు. నెమ్మదస్తుల్నే తీసుకుంటారని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం సగంమందిని తన దగ్గర రౌండ్లు కొట్టినవాళ్ళలోంచే తీసుకున్నారు. గొడవ రుచి తెలిసినవాళ్ళు ఉండాలని ఆయన లెక్క. వాళ్ళలో ఇద్దరు ఆయనకి బాగా గుర్తుండిపోయారు. ఒకతి తొమ్మిదో తరగతి పిల్ల, తోటిపిల్లలు పెట్టిన పేరు లాయరు. దానితో మాట కలిపితే చివరి మాట దానిదే. రెండోవాడు అదే క్లాసు కుర్రాడు, వాడికి పెట్టిన పేరు నిదానం. వాడు ఒక వాక్యం మొదలుపెట్టి పూర్తిచేసేలోపు వినేవాళ్ళు మంచినీళ్ళు తాగి రావచ్చు.

మెట్ల కింద విరిగిన బెంచీలు, పాత పటాలు పడేసిన చిన్న గది ఒకటుంది. పిల్లలే దాన్ని ఖాళీచేసి, కడిగి, నాలుగు కుర్చీలు వేశారు. కిటికీకి ఒక అద్దం లేకపోతే అక్కడ అట్టముక్క అతికించారు. హెడ్‌మిస్ట్రెస్ దానికేదో పెద్ద పేరు ఆలోచిస్తుండగానే పిల్లలు రాజీ గది అనేశారు, అదే నిలబడిపోయింది.

శిక్షణ మొదట్లో నవ్వులాటే. ఇద్దరు ఉత్తుత్తి గొడవ పెట్టుకునేవాళ్ళు, ఇద్దరు మధ్యవర్తులుగా కూర్చునేవాళ్ళు. రబ్బరు పోయిందన్న తగువులో లాయరు నిమిషంన్నరలో దొంగని తేల్చి, క్షమాపణ చెప్పమని ఆజ్ఞ కూడా వేసింది.

"తీర్పు చెప్పకూడదమ్మా" అన్నారు మాస్టారు.

"తప్పు వాడిదని తెలిసిపోతోంది కదా సార్."

"తెలిసినా చెప్పకూడదు."

"మరి తెలిసి ఏం లాభం?"

మాస్టారు జవాబుకోసం పుస్తకం తిరగేశారు. దాంట్లో లేదు. "నువ్వు చెప్తే వాడు నీకోసం ఒప్పుకుంటాడు. వాడంతట వాడు చెప్తే వాడికోసం ఒప్పుకుంటాడు" అని తోచింది చెప్పారు. లాయరు తన పుస్తకంలో ఆ మాట రాసుకుంది. తను చెప్పింది ఒక పిల్ల రాసుకోవడం మాస్టారికి అదే మొదటిసారి. ఆయన పాఠాలన్నీ ఇన్నాళ్ళూ కాళ్ళతో చేసేవే మరి.

నిదానం సంగతి వేరు. వాడు నోరు తెరిచేలోపే ఎదుటివాళ్ళకి ఉండబట్టలేక ఉన్నదంతా చెప్పేసేవాళ్ళు. పుస్తకం రాసినవాళ్ళు వీణ్ణి చూసే రాసుంటారని మాస్టారు అనుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ గదిలో అందరికంటే ఎక్కువ తప్పులు చేసింది మాస్టారే. మాటిమాటికీ మధ్యలో దూరి, "అలా కాదురా, ఇలా చెయ్యండి" అనేవారు. "సార్, సలహా ఇచ్చారు" అని ఎనిమిది గొంతులు ఒక్కసారే లేచేవి.

నెల తిరిగేసరికి గది మొదలైంది. పెన్ను మూత, కిటికీ పక్క సీటు, వెక్కిరింపు పాట. అన్నీ చిన్న తగువులే. మాస్టారు మూలన ఒక స్టూలు మీద కూర్చునేవారు. అక్కడ ఆయనకి నోరెత్తే హక్కు లేదు. ఊరికే చూస్తూ ఉండాలి. పిల్లలు మాట్లాడుకుని, ఒప్పందం కాగితం మీద చెరో సంతకం పెట్టి, భుజాల మీద చేతులేసుకుని పోతుంటే ఆయనకి చోద్యంగా ఉండేది. కొందరు మర్నాడే మళ్ళీ కొట్టుకునేవాళ్ళు. అది ఆయనకి కాస్త ఊరటగా కూడా ఉండేది.

ఇంతలో బళ్ళ మధ్య ఆటల పోటీలు దగ్గరపడ్డాయి. రిలే పరుగులో అమ్మాయిల జట్టు మీద మాస్టారికి ఆశ. చివరి పరుగు పిచ్చుకది. ఏడో తరగతి, పిట్టంత పిల్ల. కానీ పరుగు మొదలుపెడితే కాళ్ళు నేలమీద ఆనుతున్నాయో లేదో తెలిసేది కాదు. రెండో పరుగు దాని ప్రాణస్నేహితురాలిది, అందరూ పొడుగు అని పిలిచే పిల్లది. ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే పొడుగు భుజానికి పిచ్చుక వేలాడుతున్నట్టు ఉండేది. జట్టుకి రోజూ బడి మొదటి గంటలో ప్రాక్టీసు.

ఉన్నట్టుండి పిచ్చుక ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. ఒకరోజు పావుగంట, ఇంకోరోజు అరగంట. మూడోరోజు మాస్టారు నాలుగు రౌండ్లు పరుగెత్తించారు. ఐదోరోజు జట్టులోంచి తీసేశారు. పొడుగుని చివరి పరుగుకి మార్చి, రెండో పరుగుకి రోజుకొకర్ని పెట్టి చూస్తున్నారు. ఎవరూ కుదరడం లేదు. ఇదంతా రాజీ గది నడుస్తుండగానే జరిగింది. అక్కడ పిల్లలకి నేర్పేదానికీ, ఇక్కడ తను చేసేదానికీ సంబంధం ఉందన్న ఆలోచనే ఆయనకి రాలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం నీళ్ళతొట్టి దగ్గర పెద్ద గోల. మాస్టారు పరుగున వెళ్ళేసరికి తొట్టిలో పొడుగుదాని బూట్లు తేలుతున్నాయి. ఒకదాని అడుగు ఊడి నాలుకలా వేలాడుతోంది. పొడుగు ఏడుస్తోంది. పిచ్చుక ఏడవడం లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, తడిసిన గౌనుతో గోడలా నిలబడింది.

ఆయన చెయ్యి అలవాటుకొద్దీ విజిల్ మీదకి పోయింది. సరిగ్గా అప్పుడే లాయరు అడ్డొచ్చింది.

"సార్, ఆగండి. ఇది మాది."

మర్నాడు పొద్దున రాజీ గదిలో నలుగురూ కూర్చున్నారు. మాస్టారు తన స్టూలు మీద. ఇక్కడి మాట బయటికి పోదనీ, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆపకూడదనీ నిదానం చెప్పడం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి పొడుగు ముక్కు తుడుచుకోవడం కూడా అయిపోయింది.

"ఏం జరిగింది?" అంది లాయరు.

"నా బూట్లు తొట్టిలో పడేసింది. నా కళ్ళముందే. నేను దాన్ని ఒక్కమాట అనలేదు" అంది పొడుగు.

"నీ కళ్ళముందే బూట్లు నీళ్ళల్లో వేసింది. నువ్వేమీ అనకపోయినా. అంతేనా?"

"అంతే."

అందరూ పిచ్చుక వైపు తిరిగారు. అది అట్టముక్క అతికించిన కిటికీనే చూస్తోంది. నిదానం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లాయరు నోరు తెరవబోయి, పెదవులు బిగబట్టుకుంది. మాస్టారికి అరచేతులు దురదపెట్టాయి. చెప్పేయమ్మా, తప్పయిందని ఒక్క ముక్క అనేస్తే పోతుంది కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశారు.

చాలాసేపటికి పిచ్చుక అంది. "సార్‌తో చెప్పమన్నాను. చెప్పలేదు."

"ఏం చెప్పమన్నావు?"

"నాకు ఎందుకు ఆలస్యమవుతోందో."

నిదానం ముందుకి వంగాడు. "అదేంటో... ఇక్కడ చెప్పాలని ఉంటే... చెప్పు. లేకపోతే... వద్దు."

"మా తమ్ముడు" అంది పిచ్చుక. ఆ మాటతో దాని గొంతు మారిపోయింది. "ఒకటో క్లాసులో వేశారు కొత్తగా. లోపలికి వెళ్ళనని నా గౌను పట్టుకుని ఏడుస్తాడు. నేను కిటికీ బయట నిలబడితే కూర్చుంటాడు. మాటిమాటికీ తలెత్తి నన్ను చూస్తాడు. చూసినప్పుడు లేకపోతే లేచి వచ్చేస్తాడు. చూడ్డం మానేసేదాకా ఉండాలి. ఒక్కోరోజు తొందరగా మానేస్తాడు. ఒక్కోరోజు మానడు."

"ఇది పొడుగుకి తెలుసు" అంది లాయరు.

"తెలుసు. అందుకే దాన్ని చెప్పమన్నాను. నాకు సార్ అంటే భయం."

"చెప్పబోయాను" అంది పొడుగు. "సార్, అది ఎందుకు రాలేదంటే అన్నాను. సార్ విజిల్ ఊదేసి, నువ్వు వెళ్ళి నీ చోట నిలబడు అన్నారు."

"చెప్పబోతే వినలేదు. అంతేనా?"

పొడుగు అవునని తలూపబోయి ఆగిపోయింది. గౌను అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. ఈసారి ఎదురుచూడటం అందరికీ సులువుగానే అయింది.

"అంతే కాదు" అంది చివరికి. "మర్నాడు మళ్ళీ చెప్పచ్చు. చెప్పలేదు. చివరి పరుగు నాకిచ్చారు కదా. ఇంటికెళ్ళి అమ్మకి చెప్తే అమ్మ అందరికీ చెప్పింది. నన్నెప్పుడూ ఎవరూ దేనికీ ముందు పిలవలేదు. పొడుగున్నావు, వెనక నిలబడమంటారు. నేను అసలు సంగతి చెప్తే మళ్ళీ తీసేస్తారని..." గౌను అంచుతో మొహం తుడుచుకుంది.

పిచ్చుక అప్పుడు మొదటిసారి స్నేహితురాలి వైపు తిరిగి చూసింది. కోపంగా కాదు. కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

మూలన స్టూలు కిర్రుమంది. మధ్యవర్తులిద్దరూ ఒకరి చెవిలో ఒకరు ఏదో గుసగుసలాడుకున్నారు. లాయరు మోచేత్తో పొడిస్తే నిదానం లేచి నిలబడ్డాడు.

"సార్... ఈ గొడవలో... మీరు కూడా... ఉన్నారు కదా."

"నేనా?"

"కుర్చీలోకి... వస్తారా సార్?"

మాస్టారు తలుపు వైపు చూశారు. ఈ పద్ధతి పిల్లలకే తప్ప పెద్దవాళ్ళకి కాదని చెప్పి లేచి వెళ్ళిపోవచ్చు. ఆయన్ని ఎవరూ ఆపలేరు. హెడ్‌మిస్ట్రెస్ కూడా ఏమీ అనరు. కానీ ఎనిమిదిమందికీ నెలరోజులు నేర్పింది తనే. ఆ నలుగురూ తలెత్తి తననే చూస్తున్నారు, ఏం చేస్తారా అని. లాయరు తన కుర్చీ ఖాళీచేసి స్టూలు లాక్కుంది. మాస్టారు వచ్చి ఆ చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు.

"ఏం జరిగింది సార్?" అంది లాయరు.

"ఐదురోజులు ఆలస్యంగా వచ్చింది. రౌండ్లు కొట్టించాను. జట్టులోంచి తీసేశాను." పిచ్చుక వైపు తిరిగారు. "ఎందుకని అడగలేదు. పొడుగు చెప్పబోతే చెప్పనివ్వలేదు."

"మీరు అడగలేదు, చెప్పనివ్వలేదు. అంతేనా?"

లాయరు అందులో ఒక్క అక్షరం కలపలేదు, తియ్యలేదు. తన మాటే అయినా ఇంకొకరి నోట వినేసరికి మాస్టారికి గుండెలో గుచ్చుకుంది.

"అంతే" అన్నారు.

"ఎందుకడగలేదు సార్?" అని పిచ్చుక అడిగింది. పొగరుగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

మాస్టారు విజిల్ చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. ఆయనకోసం కూడా వాళ్ళు ఎదురుచూశారు. "అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్తారమ్మా. అన్నీ నిజమేననిపిస్తాయి. ఇంక ఎవర్నీ ఏమీ అనలేనేమో, బడంతా నా చెయ్యి దాటిపోతుందేమో అని భయం. అందుకే అడగడం మానేశాను. చాలా ఏళ్ళయింది."

"నాకు మీరంటే భయం. మీకు మేమంటే భయమా?" అంది పిచ్చుక. నమ్మలేనట్టు చూస్తూనే, కాస్త నవ్వింది.

"ఉన్నట్టే ఉంది. తప్పు నాదేనమ్మా."

"సార్" అంది లాయరు స్టూలు మీంచి, "ఎవరిది తప్పో ఇక్కడ చెప్పకూడదు."

ముందు నిదానం నవ్వాడు, అదీ తొందరగానే. తర్వాత అందరూ నవ్వారు. పొడుగు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"ఇప్పుడు ఎవరికి ఏం కావాలో చెప్పండి" అంది లాయరు.

మాస్టారు ఊరుకోలేకపోయారు. "రేపటినుంచి చివరి పరుగు మళ్ళీ పిచ్చుకదే" అనేశారు. ఆ మాటకి పొడుగు మొహం వాడిపోయింది. అది చూసి తనే నాలుక కరుచుకున్నారు.

"వాళ్ళని... అడగాలి సార్" అన్నాడు నిదానం.

పిచ్చుక ఒకసారి పొడుగు వైపు చూసింది. "నాకు పరుగెత్తాలని ఉంది. చివరిది కాకపోయినా ఫరవాలేదు. మూడోది ఇవ్వండి సార్, మూడో అమ్మాయి రెండోదానికి వెళ్తుంది. రిలే కర్ర దీనికి నేనే అందిస్తాను." తర్వాత పొడుగుతో అంది, "నీకు అంత సంతోషం వేసిందని నాతో ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు మాట్లాడితే కదా" అంది పొడుగు.

కాగితం మీద నిదానం రాశాడు. బూట్లు ఆరబెట్టి, ఊడిన అడుగు అతికించి ఇవ్వడం పిచ్చుక పని. అంతవరకు తన బూట్లు ఇస్తానంది కానీ పొడుగు పాదానికి అవి సగమే వస్తాయి, కాబట్టి ఆ మాట కొట్టేశారు. ఏదైనా దాచుకోకుండా ముందు తనకే చెప్పాలని పిచ్చుక, మాట్లాడటం మానకూడదని పొడుగు రాయించుకున్నారు. ప్రాక్టీసు మొదటి గంటనుంచి ఆఖరి గంటకి మార్చాలని మాస్టారి వంతు కింద రాశారు. ఆ గంటలో మైదానం బంతాట పిల్లలది. వాళ్ళని ఆజ్ఞాపించకుండా, అడిగి ఒప్పించాలని లాయరు షరతు పెట్టింది. మాస్టారు సంతకం పెట్టారు. ఒప్పించడానికి ఆయనకి రెండురోజులు పట్టింది. ఆ రెండురోజుల్లో బంతాట పిల్లల ఇళ్ళల్లో సంగతులన్నీ ఆయనకి తెలిసిపోయాయి.

సాయంత్రం భార్యకి చెబుదామని కూర్చుని, గదిలో మాట బయటికి పోకూడదని గుర్తొచ్చి ఆగిపోయారు. "ఇవాళ ఒక చిన్న కుర్చీలో కూర్చున్నాను" అని మాత్రం అన్నారు. ఆమె ఆయన పక్కకి వచ్చి కూర్చుంది. ఇంకేమీ అడగలేదు, లేచి వెళ్ళనూ లేదు. కాసేపటికి ఆయనే, "నీ కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?" అన్నారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆ నొప్పులు ఏడాదినుంచీ ఉన్నాయని ఆయనకి ఆరోజే తెలిసింది. ఆ వారమే దగ్గరుండి డాక్టరుకి చూపించారు.

పోటీల రోజు జట్టు రెండో స్థానంలో వచ్చింది. మొదటి స్థానం చేతికందినట్టే అంది జారిపోయింది. పిచ్చుక అందరినీ దాటుకుని వచ్చింది. పొడుగు కంగారులో రెండడుగులు ముందే బయల్దేరింది. కర్ర అందించడానికి పిచ్చుక ఒళ్ళంతా చాచాల్సి వచ్చింది. పోయింది ఆ రెండడుగుల్లోనే.

గీత దాటిన క్షణంనుంచే ఇద్దరూ మొదలుపెట్టారు. "ముందే ఎవరు పరుగెత్తమన్నారు?" "నువ్వు కేకేస్తానన్నావు, వెయ్యలేదు." గొంతులు పెరుగుతుంటే మాస్టారు గబగబా అటు నడిచారు. సగం దూరంలో ఉండగా పిచ్చుక గడ్డిమీద చతికిలబడి, పొడుగు చెయ్యి పట్టి కిందకి లాగింది. "సరే, ముందు నువ్వు చెప్పు" అనడం ఆయనకి వినిపించింది. ఆయన ఆగిపోయారు.

నిదానంతో కలిసి పోటీలు చూడ్డానికి వచ్చిన లాయరు ఆయాసపడుతూ దగ్గరికొచ్చింది. "సార్, మేము వెళ్ళాలా?"

"అక్కర్లేదులే" అన్నారు మాస్టారు.

వాళ్ళు ఇంకేం మాట్లాడుకున్నారో అంత దూరానికి వినపడలేదు. పొడుగు చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. పిచ్చుక గడ్డిపరకలు తుంచుతూ వింటోంది. బస్సు బయల్దేరడానికి ఇంకా టైముంది. మాస్టారు రెండు మంచినీళ్ళ సీసాలు వాళ్ళకి కాస్త ఎడంగా గడ్డిమీద పెట్టి, మిగతా పిల్లల్ని పోగుచేయడానికి వెళ్ళారు.